దారి ఎన్నుకొనునది ఎవరు?

కథ చెప్పువాడొకడు, వినువారు పలువురు. అనాదిగా వచ్చుచున్న ఏర్పాటు ఇది. ఊకొట్టుటకు మించిన అధికారము వినువారికి లేదు. ధర్మరాజు రెండవ మారు జూదమునకు బయలుదేరునపుడు వలదు, వలదు అని మనసులో మొఱపెట్టుకొన్న శ్రోతలు లక్షలకొలది యుందురు. వారి మొఱ విని ధర్మరాజు వెనుదిరిగినట్లు ఏ పౌరాణికుడును చెప్పలేదు. శ్రోత నిస్సహాయుడు. ఆ నిస్సహాయతలోనే అతని కన్నీటికి మూలమున్నది.

ఈ ఏర్పాటును తలక్రిందులు చేయుదుమని చెప్పుచు ఒక క్రొత్త వినోదము ప్రచారములోనికి వచ్చినది. అది వీడియో గేములలో ఒక తెగ. తుపాకి కాల్పులు, కార్ల పందెములు ఇందులో ముఖ్యములు కావు, ముఖ్యమైనది కథ. కథ కొంతదూరము నడచి ఆగును. తెరమీద రెండు మూడు వాక్యములు కనబడును. ఆడువాడు వానిలో ఒకదానిని వ్రేలితో తాకవలెను. తాకినదానిని బట్టి కథ ఒక దారి పట్టును. పెద్ద సంస్థల పెట్టుబడి లేక చిన్న బృందములు స్వతంత్రముగా నిర్మించు ఇట్టి ఆటలను ఇండీ గేములని పిలుచుచున్నారు. దీని పూర్వ చరిత్ర మరీ నిన్నటిది కాదు. 1976లో అమెరికాలో విల్ క్రౌథర్ అను ప్రోగ్రామరు ఒక గుహలో సంచరించు కథను కంప్యూటరునకు ఎక్కించెను. ఆడువాడు మాటలు టైపు చేసి ముందుకు సాగెడివాడు. 1979 నుండి అచ్చట బాలుర కొరకు కొన్ని పుస్తకములు వెలువడినవి. గుహలోనికి పోదలచినచో ఈ పుటకు, వెనుకకు మరలదలచినచో ఆ పుటకు పొమ్మని పాఠకునికే ఆజ్ఞలిచ్చు పుస్తకములవి. నేటి ఆటలు వాని మనుమలు.

ఇది పట్టణముల ముచ్చట యని ఉపాధ్యాయులు త్రోసివేయుటకు వీలులేదు. మద్దికెర వంటి ఊరిలో సైతము ఉన్నత పాఠశాల విద్యార్థి చేతికి ఫోను అందుచున్న కాలమిది. గ్రంథాలయము వరకు నడువని కథ జేబులోనికి నడచి వచ్చుచున్నది. వచ్చిన కథ ఏ నీతిని వెంట తెచ్చుచున్నదో విచారించుట తెలుగు చెప్పువారి విధులలో నొకటి.

ఈ ఆటలను మెచ్చుకొనువారు ముఖ్యముగా మూడు మాటలు చెప్పుదురు. మొదటిది: ఇందులో పాఠకుడే రచయిత, అతనికి సంపూర్ణ స్వేచ్ఛ కలదు. రెండవది: తన నిర్ణయమునకు ఫలితము తానే చూచుట వలన ఆడువానికి బాధ్యత అలవడును. మూడవది: పరుని స్థానములో తాను నిలుచుట వలన పరదుఃఖము తెలిసివచ్చును. ఈ మూటిలో మొదటిది అంతగా నిజము కాదు. రెండవది సగమే నిజము. మూడవది పరీక్షింపకుండ నమ్మినచో కీడు చేయగలదు.

పరీక్షకు ఈ జాతిలో అధమమైన ఉదాహరణమును ఎన్నుకొనుట న్యాయము కాదు. ఉత్తమమైనదానినే తీసికొందము. ఫ్రాన్సు దేశమునకు చెందిన ‘ద పిక్సెల్ హంట్’ అను చిన్న సంస్థ 2017లో ‘బరీ మీ, మై లవ్’ అను ఆటను వెలువరించినది. ఆ సంస్థను స్థాపించిన ఫ్లోరాన్ మోరాఁ పూర్వాశ్రమములో పత్రికా రచయిత. సిరియా యుద్ధములో నలిగిన హోమ్స్ నగరము నుండి నూర్ అను స్త్రీ ఐరోపాకు బయలుదేరును. ఆమె భర్త మజ్ద్ ఇంటి వద్దనే నిలిచిపోవును. ఆడువాడు ఈ మజ్ద్. ఆట యంతయు ఫోనులో వచ్చు సందేశములే. ఆమె సరిహద్దు చేరినానని వ్రాయును. ఏ దారిన పోవలెనని అడుగును. ఒక్కొక్కప్పుడు గంటల తరబడి జవాబీయదు. డబ్బు తరుగును, ధైర్యము తరుగును. ఈ కథకు పందొమ్మిది ముగింపులు కలవు. కొన్నింటిలో ఆమె గమ్యము చేరును. కొన్నింటిలో ఎన్నటికిని చేరదు. నా కంటె ముందు నీవు పోవలదు సుమా అను అర్థము నిచ్చు ఒక సిరియా దేశపు వీడ్కోలు మాట నుండి ఆటకు ఆ పేరు వచ్చినది. వలస పోవువారి కథ, వెనుక మిగిలినవారి కథ. పశ్చిమ కర్నూలు వారికి ఇట్టి కథను ఎవ్వరును విడమరచి చెప్పనక్కరలేదు.

ఇక మొదటి వాదము. ఆడువానికి సంపూర్ణ స్వేచ్ఛ కలదా? ఇది సాహిత్యము కంటె ముందు లెక్కల మాస్టరు తేల్చవలసిన విషయము. ప్రతి మలుపున రెండే దారులున్నవనుకొందము. పది మలుపులు దాటునప్పటికి 1,024 కథలగును. ఇరువది మలుపులు దాటునప్పటికి 10,48,576 కథలగును. ఇన్ని కథలు వ్రాయగల బృందము భూమిమీద లేదు. కనుక నిర్మాతలు ఒక ఉపాయము చేయుదురు. ఏరు పాయలుగా చీలి లంకను చుట్టి మరల కలిసినట్లు, చీల్చిన దారులను కొంతదూరమున మరల కలుపుదురు. కుడిదారిన పోయినను ఎడమదారిన పోయినను అదే వంతెన దగ్గరకు చేరవలెను. మార్గమధ్యమున నాలుగు మాటలు మారును, వంతెన మారదు. ‘బరీ మీ, మై లవ్’ లోని ముగింపులు పందొమ్మిదియే యగుటకు కారణమిదే. పందొమ్మిది తక్కువ సంఖ్య కాదు. అయినను అది స్వేచ్ఛ కాదు, జాబితా. జాబితాలో లేని దానిని కోరుటకు ఆడువానికి అధికారము లేదు. నూర్ ప్రయాణము కట్టవలసిన అవసరమే లేకుండ యుద్ధమును ఆపు మీట ఆ తెరమీద ఎన్నడును కనబడదు.

ఈ రహస్యము తెలుగువారికి క్రొత్తది కాదు. పదునారవ శతాబ్దమున నంద్యాల కృష్ణరాజునకు కృతియిచ్చిన పింగళి సూరన కళాపూర్ణోదయములో దీనినే కథావస్తువుగా గ్రహించెను. బ్రహ్మ సరస్వతికి వినోదార్థము చెప్పిన కథ ఊరక పోదు. అది భూలోకములో కొందరి జీవితమై నడచును. ఆ పాత్రలు తాము వలచితిమనియు, తాము అలిగితిమనియు, తాము తెగించితిమనియు అనుకొనుచుందురు. వారు వేయు ప్రతి అడుగును ముందే పలుకబడియున్నది. 1914లో కట్టమంచి రామలింగారెడ్డి కవిత్వతత్త్వ విచారములో ఈ కావ్యమును విమర్శకు తీసికొన్నది మొదలు, దీని కథాసంవిధానమును గూర్చి మనవారు చర్చించుచునే యున్నారు. ఆట నిర్మాత బ్రహ్మ స్థానములో నున్నాడు. ఆడువాడు మణికంధరుని స్థానములో నున్నాడు. భేదము ఒక్కటే. సూరన ఈ సంగతిని కావ్యములోనే విప్పి చెప్పెను. ఆటల ప్రకటనలు దీనిని దాచి, నీవే బ్రహ్మవని ఆడువానికి చెప్పుచున్నవి.

ఆ సూరనయే రాఘవపాండవీయమున ఒకే పద్యములో రామకథను, భారతకథను ఇమిడ్చెను. పదమును ఒక తీరున విరిచిన రామకథ, వేరొక తీరున విరిచిన పాండవకథ. అచ్చట కూడ పాఠకునికి దారులు రెండే. అయినను ఆ రెంటిని పట్టుటకు పాఠకునికి భాషాజ్ఞానము కావలెను, శ్రమ కావలెను. వ్రేలిమోపుటతో పని తీరదు. పాఠకుని పాలు నిజముగా పెరిగినదెచ్చటనో దీనిని బట్టి తెలియగలదు.

రెండవ వాదము బాధ్యతను గూర్చినది. ఎన్నుకొనుట వలన బాధ్యత అలవడునా? చందమామ చదివి పెరిగినవారందరును భేతాళుని ఎరుగుదురు. 1947లో పుట్టిన ఆ పత్రిక ఇప్పుడు నిలిచిపోయినది; భేతాళుడు మాత్రము తెలుగువారి మాటలలో నిలిచియున్నాడు. విక్రమార్కుడు శవమును భుజమున వేసికొని నడచుచుండును. శవములోని భేతాళుడు కథ చెప్పి, చివర ఒక చిక్కుముడి వేసి, తీర్పు చెప్పుమనును. తెలిసియు చెప్పకున్న తల పగులును. చెప్పిన మౌనభంగమగును, శవము మరల చెట్టెక్కును. ఇది కూడ శ్రోతను ప్రశ్నించు కథయే. కాని భేతాళుడు రాజును అడుగునది నీకేది ఇష్టమని కాదు. ఏది న్యాయమని, ఎందువలన న్యాయమని. విక్రమార్కుని జవాబు ఒక్క మాటతో ముగియదు. కారణము చెప్పవలెను. ఆ కారణము విని భేతాళుడే ఒప్పుకొనవలెను. తెరమీది ఆట కారణమును ఎన్నడును అడుగదు. జాలితో తాకిన వ్రేలును, విసుగుతో తాకిన వ్రేలును, పొరపాటున తగిలిన వ్రేలును దానికి సమానమే. కారణము చెప్పనక్కరలేని నిర్ణయమును ఇష్టమనవచ్చును, చపలమనవచ్చును. బాధ్యత యనుట కష్టము.

వేరొక లోపము కూడ కలదు. ఆటలో చెడిన దారిని విడిచి మరల మొదటికి రావచ్చును. చాలమంది అట్లే చేయుదురు. ఒక ముగింపులో నూర్ మరణించినచో, వేరొక ముగింపులో ఆమెను బ్రతికించి చూతురు. పందొమ్మిదింటిని చూచువరకు విడువనివారును ఉందురు. అంతకు పిమ్మట ఆమె మరణము ఎట్టిది? పందొమ్మిదింటిలో నొకటి. హరిశ్చంద్ర నాటకమును తలచుకొందము. పల్లెటూరి రంగస్థలముమీద కాటిసీను వచ్చునప్పటికి తెల్లవారుజాము కావచ్చుచుండును, ఒక్కరును లేచిపోరు. ఒక్క అబద్ధమాడిన చాలును, రాజ్యము వచ్చును, ఆలు వచ్చును, బిడ్డ వచ్చును. ఆ అబద్ధపు మీట హరిశ్చంద్రుని కన్నులయెదుట ఆద్యంతము వెలుగుచునే యున్నది. అతడు దానిని ఒక ఎంపికగా లెక్కింపనే లేదు. ఆ లెక్కింపకపోవుటయే అతని ఔన్నత్యము. ప్రేక్షకుల చేతికి ఆ మీటనిచ్చి, ఒకసారి అబద్ధముతోను ఒకసారి సత్యముతోను కథ నడపుడని చెప్పిన, ఆ రాత్రి అచ్చట ఎవ్వరును ఏడ్వరు. కుతూహలము మిగులును, కరుణ మిగులదు. వెనుకకు తీసికొనరానిదనుటచేతనే నిర్ణయమునకు బరువు. ఆ బరువును తీసివేసి బాధ్యత నేర్పుదుమనుట నీరు లేని చెరువులో ఈత నేర్పుట వంటిది.

ఇక మూడవ వాదము. అన్నిటికంటె ప్రమాదకరమైనది ఇదియే. ఏలయన ఇది సదుద్దేశముతో చెప్పబడుచున్నది. పేదవాని స్థానములో ఒక గంట నిలిచిచూచిన పేదరికము తెలియుననియు, శరణార్థి స్థానములో నిలిచిన శరణార్థి బాధ తెలియుననియు వాదింతురు. 2011లో అమెరికాలో ‘స్పెంట్’ అను ఆట ఈ ఆశయముతోనే వెలువడినది. నార్త్ కరోలినా రాష్ట్రములోని డర్హమ్ నగరమున నిరాశ్రయులకు సేవ చేయు ఒక సంస్థ కొరకు దానిని నిర్మించిరి. ఉద్యోగము పోయినది, చేతిలో వేయి డాలర్లు మిగిలినవి, నెల గడుపవలెను. అద్దె కట్టుదువా, మందు కొందువా, బిడ్డను బడి విహారయాత్రకు పంపుదువా అని ఆట అడుగుచుండును. ఆడినవారు పేదలను మరింత ఆదరముతో చూతురని నిర్మాతలు తలంచిరి.

2016లో యేల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు జీనా రూసోస్, జాన్ డొవిడియో ఈ నమ్మకమును పరీక్షించి ఫలితములను ప్రకటించిరి. ఆట ఆడుట వలన పేదలపట్ల ఆదరము పెరిగినట్లు కనబడలేదు. పైగా కొందరిలో, అందును పేదలపై ముందునుండి సానుభూతి కలవారిలో సైతము కొందరిలో, ఆదరము తగ్గినది. ఆ ఆటను తాము ఆడక, ఆట సాగుచుండగా ఊరక చూచినవారిలో ఇట్టి చెరుపు కనబడలేదు. వారికి సానుభూతి కలుగుటకే అవకాశము హెచ్చుగా నుండెను. దీనికి పరిశోధకులు చూపిన కారణము ఆలోచింపదగినది. మీట తన చేతిలో నుండుట వలన, పేదరికము మనిషి చేతిలోని విషయమే యను భావము ఆడువానిలో బలపడును. నేను జాగ్రత్తగా ఎన్నుకొని నెల గడిపితిని, వారేల గడుపలేరు అని అతడు లోలోపల అనుకొనును. చూచువానికి ఆ అహంకారము కలుగదు.

మన ఆలంకారికులు ఈ సంగతిని వేయేండ్ల క్రిందటనే మరొక మార్గమున చెప్పిరి. భట్టనాయకుడు దీనిని సాధారణీకరణమనెను. అభినవగుప్తుడు దానిని స్వీకరించి విస్తరించెను. రంగముమీది దుఃఖము నాదియు కాదు, నా శత్రువుదియు కాదు, ఎవరో దారినపోవువానిదియు కాదు. నాది కాకపోవుటచేత నేను దానినుండి తప్పించుకొనజూడను. పరాయిది కాకపోవుటచేత దానిని విడిచిపోజాలను. అట్టి దూరమునందే సహృదయునికి కరుణ రసముగా పరిణమించును. ఆడువాని చేతికి మీటనిచ్చిన ఆ దూరము పోవును. ఆపద తనదగును, తన ఆపదను దాటుటయే పనియగును, దాటినవాడు గెలిచితిననును. గెలిచినవాడు ఓడినవానికొరకు ఏడ్చుట లోకములో అరుదు. శ్రోతకు అధికారము లేకపోవుట పాతకథలోని లోపమని క్రొత్తవారు తలంచుచున్నారు. అది లోపము కాదు, పునాది.

ఈ విషయము మద్దికెరలో చెప్పుటకు ప్రత్యేక కారణమున్నది. ఆదోని, కోసిగి, ఎమ్మిగనూరు మొదలుకొని ఆస్పరి, తుగ్గలి, మద్దికెర వరకు గల మెట్టభూములు ఎక్కువగా వాననే నమ్ముకొన్నవి. వాన తప్పినను, పంట వచ్చి ధర తప్పినను, అప్పు నిలుచును. అప్పుడు కుటుంబములు మూటకట్టుకొని గుంటూరు, పల్నాడు వైపు మిరపకోతకును, కర్ణాటకకును తెలంగాణకును పత్తితీతకును, బెంగళూరు వంటి నగరములకు కూలికిని పోవును. దీనిని ఇచ్చటివారు సుగ్గికి పోవుట యందురు. సుగ్గి యనగా ఈ సీమలోను, పొరుగున కన్నడదేశములోను పంటకోతల కాలము. కళ్ళము నిండు పండుగ దినములు. తన కళ్ళములో గింజ లేనివాడు పరుల కళ్ళమునకు పోవుటకు సైతము అదే పేరు వచ్చినది. ఒక మాట ఎంతదూరము ప్రయాణము చేసినదో చూచిన, ఆ మాట వెంట నడచిన మనుష్యుల సంగతి తెలియగలదు.

సుగ్గికి పోవు కుటుంబములో బడిపిల్లలుందురు. కొందరు తల్లిదండ్రుల వెంట పోవుదురు. కొందరు అవ్వతాతల దగ్గర మిగులుదురు. కొందరు సమగ్ర శిక్ష క్రింద నడచు సీజనల్ హాస్టళ్ళలో చేరుదురు. హాజరుపట్టీలో నెలలకొలది గైరుహాజరు పడినపుడు మనవారు వాడు మాట ఒకటి కలదు: పిల్లవాడు బడి మానివేసెను. వ్యాకరణము తెలిసినవారు ఈ వాక్యమును ఒకసారి పరిశీలింపవలెను. ఇందులో కర్త ఎవరు? పిల్లవాడు. క్రియ ఎవరిది? అతనిదే. వాన, అప్పు, ధర, కూలి, మేస్త్రీ ముందుగా ఇచ్చిన బయానా సొమ్ము - ఇవి యేవియు ఆ వాక్యములో లేవు. పదేండ్ల బాలుడు తన ఇష్టముచేత ఒక మీట నొక్కినట్లు ఆ వాక్యము చెప్పుచున్నది. తెరమీది ఆట బోధించు వ్యాకరణమును ఇదియే. ప్రతి దుఃఖమునకు ఒక కర్త. ఆ కర్త దుఃఖించువాడే. ఈ వ్యాకరణమును బాల్యములో వినోదముగా నేర్చినవాడు, పెద్దవాడై ఉపాధ్యాయుడైనపుడు, గుమాస్తాయైనపుడు, అధికారియైనపుడు, హాస్టలు కొరకు వచ్చిన తండ్రిని చూచి మీరేల పోయితిరి అనును. ప్రమాదము అచ్చట నున్నది.

దీనికి ఒక ఆక్షేపణ రావచ్చును. పేదవారికి ఎంపికయే లేదనుట వారిని కొయ్యబొమ్మలుగా చూచుట కాదా? నిజమే. పెద్దకూతురును అవ్వదగ్గర నుంచవలెనా, వెంట తీసికొనిపోవలెనా అని తల్లి రాత్రియంతయు ఆలోచించును. ఏ ఊరికి పోవలెను, ఏ మేస్త్రీని నమ్మవలెను అని తండ్రి పదిమందిని విచారించును. వారి ఆలోచనకు, వారి తెగువకు చేయెత్తి మ్రొక్కవలెను. కాని రెండు కీడులలో చిన్నదానిని వెదకి పట్టుకొన్నవాడు ఆ కీడునకు కారకుడు కాడు. ఎన్నుకొనుట వేరు, ఎన్నుకొనవలసిన దుస్థితిని కల్పించుట వేరు. తెరమీది ఆట మొదటిదానిని వెలుగులో చూపి, రెండవదానిని చీకటిలో ఉంచును.

ఈ విషయములో మన పాత ఆటలు మరింత నిజాయితీ కలవి. పరమపద సోపాన పటములో నిచ్చెనలకు పుణ్యముల పేర్లును, పాములకు రాక్షసుల పేర్లును ఉన్నను, కాయను నడపునది పందెమే. పాము నోట పడినవాడు పందెమును తిట్టుకొనును. పక్కవాడు నీ బుద్ధి మంచిది కాదని అనడు. తొలకరి వానలు పడగనే తుగ్గలి, జొన్నగిరి, పెరవలి చేలలో వజ్రముల కొరకు వెదకువారి గుంపులు ఏటేట కనబడును. దూర ప్రాంతముల నుండి సైతము వచ్చి, వంగిన నడుము ఎత్తక ఎర్రమట్టిని గాలింతురు. ఒకనికి దొరకును, వేయిమందికి దొరకదు. దొరకనివానిని తప్పు సాలు ఎన్నుకొంటివని ఎవ్వరును నిందింపరు. అదృష్టమునకు అదృష్టమను పేరే పెట్టిన లోకజ్ఞానమది.

ఇంతమాత్రముచేత ఈ ఆటలన్నియు పనికిరానివని చెప్పుట అన్యాయము. 2013లో లూకస్ పోప్ నిర్మించిన ‘పేపర్స్, ప్లీజ్’ అను ఆటలో ఆడువాడు ఒక కల్పిత నిరంకుశ రాజ్యపు సరిహద్దులో పాసుపోర్టులు తనిఖీ చేయు గుమాస్తా. ఎందరిని పరీక్షించిన అంత జీతము. ఆ జీతముతో అద్దె, కూడు, చలిమంట, మందు. జాలిపడి ఒకని వదలిన ఇంట బిడ్డకు మందుండదు. అచ్చట ఎంపిక ఉన్నది. కాని ఆ ఎంపికను ఇరుకు చేయు చట్టము కూడ తెరమీదనే ఉన్నది. ప్రతి ఉదయము ఒక క్రొత్త నిబంధన వచ్చి మెడమీద కూర్చుండును. ఆడువాడు తన మంచితనమును కాక, తన మంచితనమునకు ఆ రాజ్యము కట్టిన వెలను నేర్చుకొనును.

‘బరీ మీ, మై లవ్’ కు కూడ ఈ గౌరవము కొంత చెల్లవలెను. దాని నిర్మాతలు ఆడువానిని నూర్‌గా చేయలేదు. ఇంటివద్ద మిగిలిన భర్తగా చేసిరి. అతడు సలహా చెప్పగలడు, నడచునది ఆమె. ఆమె అతని మాట ఎల్లప్పుడును వినదు. ఆమె జవాబీయని గంటలలో అతడు చేయగలిగినదేమియు లేదు. ఫోను చేతిలో పట్టుకొని ఎదురుచూచుటయే. ఆ ఆటలో హృదయమును పట్టునవి ఆ గంటలే. సుగ్గికి పోయిన కొడుకు కొరకు ఊరిలో మిగిలిన ముసలితల్లి ఎరిగిన గంటలవి. చిత్రమేమనగా, ఎంపికల ఆటయని పేరుపొందిన దానిలో ఉత్తమ భాగము ఎంపిక లేని భాగమే. ఆ క్షణములలో ఆడువాడు మరల శ్రోతయగుచున్నాడు; శ్రోతయైనందుననే కరుణను పొందుచున్నాడు.

కనుక ఉపాధ్యాయులు చేయవలసినది నిషేధము కాదు. ఫోనులు లాగికొనుటతో తీరు విషయము కాదిది. భేతాళుడు చేసినదే వీరును చేయవలెను: ప్రశ్న వేయవలెను. నీవు ఏ దారి ఎన్నుకొంటివని కాదు, ఏల ఎన్నుకొంటివని విద్యార్థిని అడుగవలెను. జాబితాలో లేని మూడవ దారి ఏది, దానిని జాబితాలో చేర్చనిది ఎవరు అని అడుగవలెను. వ్యాసరచనకు చెట్టు, వాన, వేసవి సెలవులు అను అరిగిపోయిన విషయములకు బదులు ఒక పని ఇచ్చి చూడవచ్చును. సుగ్గికి పోవలసిన ఒక కుటుంబము కథను దారులు చీల్చి వ్రాయుమని చెప్పవలెను. ప్రతి చీలిక దగ్గర ఆగి, ఈ దారిని మూసినదెవరు, ఈ దారిని తెరవగలవారెవరు అని మార్జినులో వ్రాయుమనవలెను. సుగ్గికి పోయివచ్చిన పిల్లలు ఆ తరగతిలో ఉందురు. తోటివారు సగము దారులు ఊహించుచుండగా, ఆ దారులు ఎచ్చట మూతపడునో వారు చెప్పగలరు. హాజరుపట్టీలో వెనుకబడిన బాలుడు ఆ దినమున తరగతికి గురువగును.

కథకు దారులెన్నియైన ఉండవచ్చును. పందొమ్మిదియే ఉండనిండు, పందొమ్మిది వందలే ఉండనిండు. ఆ దారులు వేసినవాడెవడని అడుగుటను మరువని పాఠకుడు ఏ ఆటయందును మోసపోడు. అట్లు అడుగుట నేర్పుట సాహిత్యబోధకుని పని. అది నేర్చిన విద్యార్థి రేపు హాజరుపట్టీ వ్రాయవలసి వచ్చినపుడు, బడి మానివేసెను అని వ్రాయబోయి, ఒక్క క్షణము కలమాపి, కర్త ఎవరని ఆలోచించును.